డిస్కు ఎక్కని అమ్మ

వీధిలో కుక్కలు కూడా సద్దుమణిగాయి. స్టూడియోలో ఒంటరిగా కూర్చున్న తమ్ముడికి మాత్రం వీడియోను డిస్కులోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ల వేట తెమలలేదు. అక్క ఇంట్లో ఉన్నది పాత డీవీడీ ప్లేయరు. అందులో డిస్కు తప్ప ఇంకేదీ ఆడదు. చనిపోయిన అమ్మ కుర్చీలో కూర్చుని నవ్వే వీడియో వీళ్ల దగ్గర ఒక్కటే ఉంది. దాన్ని చూడాలని అక్క తపించిపోతోంది.

మొదటి సాఫ్ట్‌వేర్‌తో చేసిన డిస్కులో అమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. అసలు వీడియోలో ఆమె లేవనే లేదు. "ఊరికే వచ్చిన సరుకు ఇంతే!" అని తిట్టుకుని ఇంకోటి ఎక్కించాడు. అందులో తలుపు దాకా నడిచింది. డబ్బు పోసి కొన్న మూడోదాంట్లో గడప దాటుతూ వెనక్కి తిరిగి చూసింది. ముఖం అమ్మదే. చూపు అమ్మది కాదు.

అసలు ఫైలు తెరిచాడు. ఖాళీ కుర్చీ, బార్లా తెరిచిన తలుపు. ఎంత వెనక్కి తిప్పినా అంతే.

ఫోను మోగింది.

"ఒరే తమ్ముడూ, ఎవరో తలుపు కొడుతున్నార్రా," అంది అక్క, ఏడుస్తూ నవ్వుతూ. "అమ్మ గొంతేరా! నన్నే పిలుస్తోంది."

"అక్కా, తీయొద్దు..."

అతని మాట పూర్తి కాకముందే, ఫోనులో గడియ తీసిన చప్పుడు వినిపించింది.