మొదటి బెంచీ

పెట్టెలన్నీ దింపాక లారీలో ఒక ముసలాయన మిగిలాడు.

"ఈయనెవరయ్యా?" అని మేస్త్రీ డ్రైవర్ని అడిగాడు.

"ఏమో. మూతబడ్డ చర్చిలో సామాను ఎక్కిస్తుంటే, నన్నూ ఎక్కించుకోమన్నాడు. ఎక్కించుకున్నాను."

నూట ఇరవై ఏళ్ల నాటి పైప్ ఆర్గన్ అది. తొమ్మిది వందల గొట్టాలు. విప్పి తెచ్చినదాన్ని ఈ చర్చిలో మళ్లీ నిలబెట్టే పని మేస్త్రీ నెత్తిన పడింది. పలికితే పేరు, పలక్కపోతే ఇన్నేళ్ల పరువూ గల్లంతు.

ముసలాయన తిన్నగా వెళ్లి మొదటి బెంచీలో కూర్చున్నాడు.

"అక్కడ గొట్టాలు పేర్చాలి తాతా. కాస్త వెనక కూర్చోండి."

"ఇక్కడే ఓ చివర ఒదిగి ఉంటాను బాబూ."

ఆరు వారాలు రోజూ అదే చోటు. పని చెబితే చేసేవాడు, లేకపోతే ఆర్గన్ వంక చూస్తూ ఉండేవాడు. ఉడుంపట్టు మనిషి అని మేస్త్రీ విసుక్కున్నాడు. విసుక్కుంటూనే మూడో వారం నుంచి రెండు టీలు తెప్పించడం మొదలుపెట్టాడు.

ప్రారంభోత్సవం రోజు ఊరి పెద్దలంతా వచ్చారు.

"మొదటి బెంచీ వాళ్లది. ఈ పెద్దాయన్ని లేపండి" అన్నారు ఫాదర్ గారు.

"ఆరు వారాలుగా లేపలేక చస్తున్నాను. ఉండనివ్వండి ఫాదర్."

ఫాదర్ గారు నవ్వేశారు.

పాట మొదలైంది. ఆర్గన్ నాదంతో చర్చి అంతా నిండిపోయింది. మేస్త్రీకి సంతోషంతో కళ్లు చెమర్చాయి.

మొదటి చరణం అవుతుండగా ఎవరో ఉత్సాహవంతుడు అలంకరణ దీపాలన్నీ ఒక్కసారే వేశాడు.

ఫ్యూజు ఎగిరిపోయింది. ఆ దీపాలకీ, ఆర్గన్‌కి గాలి కొట్టే మోటారుకీ ఒకే లైను ఇచ్చినవాడు సాక్షాత్తూ మేస్త్రీయే.

ఆర్గన్ మూలిగింది. మేస్త్రీ పైప్రాణాలు పైనే పోయాయి.

అతను వెనక గదికి పరుగెత్తేలోపే ఆర్గన్ మళ్లీ ఊపిరి పోసుకుంది. రెండో చరణం సాగిపోయింది.

గదిలో మోటారు ఆగే ఉంది. దాని పక్కన, చేత్తో గాలి కొట్టే పాతకాలపు తిత్తులకున్న కొయ్య పిడిని పట్టుకుని ముసలాయన ఎత్తుతూ దించుతూ ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది.

పాట చివరిదాకా నడిచింది. బయట చప్పట్లు మోగాయి.

"నా పరువు నిలబెట్టారు తాతా. ఇక ఇటివ్వండి. తర్వాతి పాటకి నేను కొడతాను. మీరెళ్లి మీ బెంచీలో కూర్చోండి."

ముసలాయన వెంటనే వదల్లేదు.

"తొందరపడకూడదు. చరణం చివర కాస్త బరువుగా దించాలి" అని రెండుసార్లు చేసి చూపించి, అప్పుడు చేతులు తుడుచుకున్నాడు.

"మీకెలా తెలుసు?"

"ఆ చర్చి మూతబడేదాకా నలభై ఏళ్లు దీనికి గాలి కొట్టినవాణ్ణి బాబూ. పాటలన్నీ ఇలా గోడవెనక నుంచే విన్నాను, ఎదురుగా కూర్చుని విన్నది మాత్రం ఇందాకటి ఆ ఒక్క చరణమే."