ఇంట్లో మీసం మొలిచిన రోజు

“ఇంట్లో మీసం మొలిచిన రోజున నిన్ను మనవడా అని పిలుస్తాను. అప్పటిదాకా పిల్లా అనే పిలుస్తా. ఇష్టమైతే పలుకు, లేకపోతే మానెయ్,” అంది అమ్మమ్మ, మోకాళ్ళు రుద్దుకుంటూ.

“మాటంటే మాటేనా?”

“నేనెప్పుడన్నా మాట తప్పానా? మీ తాతని వదిలేస్తానన్నాను. వదిలేశాను.”

ఆ ఇంట్లో అమ్మమ్మ తీర్పు మీద పైకోర్టు లేదు.

అతనికి ఇరవై ఆరేళ్ళు. పాస్‌పోర్టు ఫొటోల స్టూడియో నడుపుతాడు. క్లిక్కుమనిపించే ముందు “రెడీ!” అని అరుస్తాడు కాబట్టి వీధి వీధంతా అతన్ని రెడీ అనే అంటుంది. పుట్టినప్పుడు ఆస్పత్రివాళ్ళు ఆడపిల్ల అని రాసుకున్నారు. కాదని అతనికి ఐదో ఏటే తెలుసు. వీధికి నిరుడు తెలిసింది. వీధి నాలుగు రోజులు బుగ్గలు నొక్కుకుని, ఐదో రోజు ఫొటోలు దిగడానికి వచ్చేసింది.

పెంచి పెద్దచేసిన అమ్మమ్మ ఒక్కతే మొండికేసింది. అతనికేమో ఊరంతా కలిసి పిలిచినా ఆవిడ నోటి నుంచి వచ్చే ఆ ఒక్క పిలుపుకి సాటి రాదు.

అందుకే ఒంటికి రాసుకునే మగ హార్మోను, టెస్టోస్టెరాన్ జెల్ మొదలుపెట్టిన రోజున డాక్టరమ్మని అడిగిన మొదటి ప్రశ్న, “మీసం ఎప్పుడొస్తుంది?”

“అన్నీ మెల్లగా వస్తాయి. ముందు ముఖం జిడ్డుకారుతుంది. ఆకలి పెరుగుతుంది. మూణ్ణాలుగు నెలలకి గొంతు బొంగురుపోవచ్చు. కండ పడుతుంది. మీసం మాత్రం అన్నిటికన్నా బద్ధకం మనిషి. ఆర్నెల్లు, ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ. ఆత్రపడి రెండింతలు రాసుకున్నావనుకో, మీసం రాదు, నేనొస్తాను తన్నడానికి. రాశాక చేతులు కడుక్కో. ఇంట్లోవాళ్ళకి అంటనివ్వకు.”

అంటనివ్వలేదు. జెల్ భుజాలకి రాసుకుని, ఆరాక చొక్కా తొడుక్కుని, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంటేగానీ అమ్మమ్మకి మంచినీళ్ళు కూడా అందించేవాడు కాదు.

పక్కింటి పిన్నితో ఇంకో బెడద. వాళ్ళ కుళాయి రాని రోజున ఆవిడ బకెట్టుతో సహా వీళ్ళ స్నానాలగదిలో తేలుతుంది. మందు పేరు ఆవిడ కంట పడిందా, మోతాదుతో సహా వీధికి ప్రసారమైపోతుంది. రెడీ ట్యూబు మీది కాగితం శుభ్రంగా పీకేసి స్నానాలగది గూట్లో పెట్టాడు.

ప్రతి సోమవారం తన ఫొటో తనే తీసుకునేవాడు. గిరాకీల పలచటి మీసాల్ని కంప్యూటర్లో దట్టం చేసే చేత్తోనే, తన మూతిని పదింతలు పెద్దది చేసి వెతికేవాడు. ఎడారి.

ట్యూబు మటుకు నెల తిరక్కముందే ఖాళీ అయి పడి ఉండేది. ఆత్రంలో ఎక్కువ పిండేస్తున్నానేమోనని, డాక్టరమ్మ తన్నుకి భయపడి, చెప్పినదానికన్నా తక్కువే రాసుకోవడం మొదలుపెట్టాడు.

అమ్మమ్మకి ఇవేం పట్టలేదు. ఒకరోజు మూడంతస్తులూ ఆగకుండా ఎక్కి, లిఫ్టు బాగుచేయించని ఇంటి ఓనరుని గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసి వచ్చింది.

“గొంతేంటి అమ్మమ్మా, అలా జీరబోయింది?”

“ఆ వెధవతో అరిచీ అరిచీ. కంచంలో ఇంకాస్త వెయ్యి.”

“మోకాళ్ళ మందు తేనా? నువ్వడిగి నాలుగు నెలలైంది.”

“ఉందిలే. బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ముందు నీ మందు సంగతి చూసుకో, పిల్లా.”

ఆ ‘పిల్లా’ కోసమే ఆవిడ మాటని సాగదీసినట్టు అనిపించింది రెడీకి.

ఆరో నెలలో పెన్షను కార్డుకి అమ్మమ్మ ఫొటో కావాల్సి వచ్చింది.

“నవ్వకు.”

“నీ మొహం చూస్తూ నవ్వెలా వస్తుందే?”

ఫొటోలో ముక్కు కింద మసగ్గా వచ్చింది. ఎడమవైపు లైటు చచ్చేట్టుందని తిట్టుకుని, రెండు క్లిక్కులతో తుడిచేశాడు.

ఏడో నెలలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాన్ని ఇటూ అటూ తిప్పి చూసింది.

“రోజూ రాసుకుంటున్నావా?”

“ఒక్క రోజు మానలేదు.”

“మరి ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదే. వీధిలో పంచిపెడుతున్నావా ఏంటి?”

తక్కువ రాసుకుంటున్న సంగతి చెప్పేసి, నాలుగు చివాట్లు తిన్నాడు. అయినా ఆ తగ్గించిన చిటికెడుకి లెక్క సగానికి ఎలా పడిపోయిందో ఆవిడకీ అర్థం కాలేదు. ‘నా ఒంటికి మీసం పడదేమో. పిల్లగా పుట్టించారు, పిల్లగానే పాతేస్తారు’ అనుకుంటూ ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గట్టు మీద కూలబడ్డాడు.

“ఒరేయ్ మనవడా!”

లోపలి గది నుంచి కేక. రెడీ అద్దం దగ్గరికి ఒక్క గెంతు గెంతాడు. మూతిని కుడికి లాగాడు, ఎడమకి లాగాడు, వెలుతురుకి పెట్టి చూశాడు. ఎడారి ఎడారిలాగే ఉంది.

“ఎక్కడ అమ్మమ్మా? నాకేం కనపడట్లేదు!”

“అక్కడ వెతికితే ఏం కనపడుతుంది? ఇటు తగలడు.”

పరిగెత్తాడు.

మంచం మీద కాళ్ళు చాపుకుని, కాగితం పీకేసిన ట్యూబులోంచి మోకాలికి ధారాళంగా మందు పిండుకుంటున్న అమ్మమ్మ, రెండో చేత్తో తన మూతి మీది బిరుసు వెంట్రుకల్ని మెలితిప్పి, “ఇంట్లో మీసం మొలిచిన రోజున అన్నాను గానీ, ఎవరికని అన్నాన్రా?” అంది.