సోని పెత్తనం

“నలభై వేలా? ఫోనుకా, దుక్కిటెద్దుకా?” ఫల్గుణ గావుకేక పెట్టాడు.

వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తున్న రాజులమ్మ తలెత్తి చూసింది. మొగుడూ కూతురూ గుమ్మంలో ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

“కాలేజీలో అందరికీ మంచి ఫోన్లున్నాయి నాన్నా. నా ఫోను అద్దం పగిలిపోనాది. అందులో ఎవుల్ని సూసినా రెండు ముక్కులు కనిపిత్తన్నాయి,” అంది సోని.

“డబ్బులేటి, సెట్లకి కాత్తన్నాయా?”

“మన డబ్బులు కాఫీ సెట్లకే కదా నాన్నా కాత్తన్నాయి!”

ఫల్గుణకి ఒళ్ళు మండిపోయింది. అరకు సంతలో గింజలమ్మిన డబ్బు లుంగీ మడతలోంచి తీసి, కూతురి చేతిలో కుక్కాడు.

“ఇదిగో, నెల్లాళ్ళు ఇల్లు నువ్వే నడుపు. మిగిలిందంతా నీ ఫోనుకే. వారం తిరిగేసరికి ఏడుసుకుంటూ రాకపోతే అప్పుడడుగు.”

వారం తిరిగింది. ఏడుపొచ్చింది గానీ, సోనికి కాదు.

మొదట టీ పోయింది. “కాఫీ పండించే ఇంట్లో టీపొడి కొనడమేటి?” అంటూ సోని, ఏరి పారేసిన విరిగిన గింజల్ని పెనం మీద మాడ్చి, దంచి, కాచి ఇచ్చింది. పాలు లేవు. ఫల్గుణ ఒక్క గుక్క మింగి కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవడానికి చాలాసేపు పట్టింది.

తర్వాత చుట్టలు పోయాయి. సంతకి జీపు పోయి నడక వచ్చింది. ఆదివారం కోడికూర పోయి గట్టు మీద ఆకుకూర వచ్చింది. టీవీ రీఛార్జి అయిపోయిందని రాజులమ్మ గొణిగితే, “సీరియల్లో ఏటవుద్దో నేను సెబుతాలే అమ్మా,” అంది సోని.

ఆగలేక ఫల్గుణ ఒకరోజు రోడ్డు మీద బుధు టీ కొట్టుకి పోయాడు. “ఓ టీ, ఓ చుట్ట ఇవ్వరా. డబ్బులు తరవాతిత్తాను.”

బుధు గ్లాసు కిందపెట్టేశాడు. “మీ సోని గుంట నిన్ననే వొచ్చి సెప్పేసింది మావా. నీకు అరువిత్తే ఆ బాకీతో ఇంటికి సంబంధం లేదంట.”

ఫల్గుణ రుసరుసలాడుతూ ఇంటికొచ్చాడు. “ఇలాగైతే నేను సచ్చిపోతానే!”

“ఆ ఖర్సుకి ఈ నెల డబ్బుల్లేవు నాన్నా,” అంది సోని, ఉల్లిపాయ సగం కోసి సగం దాచిపెడుతూ.

గట్టిగా తిడదామంటే దారి లేదు. గుంట తన ఫోనుకి కూడా అన్నిటికంటే చిన్న రీఛార్జే వేసుకుంది. కాలేజీ దగ్గర నూడుల్స్ బండి వైపు చూడటమే మానేసింది.

ఎలాగో నెల గడిచింది. పొద్దున్నే ఎటో పోయిన ఫల్గుణ, మధ్యాహ్నానికి సంచీ చంకన పెట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు. సోని చాప మీద డబ్బు పరిచి కూర్చుంది. మొత్తం నాలుగు వేలు.

“నాన్నా, నువ్వే గెలిసావు,” అంది తల దించుకుని. “కడుపులు మాడిత్తే మిగిలింది ఇంతే. ఆ ఫోను కొనాలంటే ఇంకా తొమ్మిది నెల్లు మిమ్మల్నిలాగే మాడ్సాలి. అమ్మ సూడు, ఎలా సిక్కిపోనాదో. నాకా ఫోనొద్దు. పాతదానికే అద్దం ఏయించుకుంటాను. ఈవేళ కోడి తెత్తాను. రేపట్నించి ఇల్లు నువ్వే సూసుకో.”

రాజులమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. “ఇన్నావా? గుంటకి ఎంత బుద్దొచ్చిందో!”

ఫల్గుణ ఈల ఎప్పుడో ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

“ఏటయ్యా, అలాగయిపోనావు?” అంది రాజులమ్మ.

అతను సంచీలోంచి మెల్లిగా ఒక పెట్టె తీసి చాప మీద పెట్టాడు. కొత్త ఫోను.

“వొచ్చే నెల కూడా ఈ గుంటే ఇల్లు నడుపుద్దేమోనని బయమేసి... పొద్దున్న వాయిదాల మీద కొనేసినాను. ఎనక్కి తీసుకోరంట.”

సోని నోరు తెరిచింది. “ఎన్నాళ్ళు కట్టాలి నాన్నా?”

“రెండేళ్ళు.” ఫల్గుణ చాప మీది డబ్బంతా పోగుచేసి కూతురి ఒళ్ళో పోశాడు. “అందాకా ఇల్లు నువ్వే నడపాలి తల్లీ!”