నీళ్లియ్యని మనిషి

1949 ఫిబ్రవరి అయిదు. రఘుపతి జొన్నరొట్టె, పుంటికూర తింటుండగా మిలిటరీ లారీ ఊళ్లోకి వచ్చింది.

దేవరకొండ అవతలి ఆ పల్లెలో ఇంగ్లీషు చదివినవాడు అతనొక్కడే. మేజరుకు దుబాసీగా తిరుగుతున్నాడు. మిలిటరీ వెతుకుతున్న కమ్యూనిస్టు దళంలో చేరిన తమ్ముడు ఐలేశం కోసమే ఆ తిరుగుడు. మేజరును మంచి చేసుకుంటే, తమ్ముడు దొరికిననాడు ప్రాణమైనా దక్కుతుందని ఆశ.

సిపాయిలు నీళ్లకని గుర్వయ్య బావి దగ్గరికి పోయారు; మేజరు వెంట రఘుపతీ నడిచాడు. గొర్లు కాసే గుర్వయ్య కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"నా బాయిల నీళ్లు ముట్టనియ్య. పోండ్రి."

"మామా, దూపతోని వచ్చిండ్రు. జర తాగనియ్యరాదే!" అన్నాడు రఘుపతి.

"నీ అయ్య అడిగినా ఇయ్య."

"దీపావళి దాంక ఊరంత నీ బాయిలనే ముంచుకునె. మొన్న నా పెండ్లాం సుగుణమ్మను గూడ ఖాళీ బిందెతోని మర్లగొట్టినవు. గింత పిసినిగొట్టువు ఎట్లయినవే?"

గుర్వయ్య అడ్డం పెట్టిన కర్ర తీయలేదు.

ఏం మనిషి ఇతను, అని అడిగాడు మేజరు. కాలేజీలో నేర్చిన మాటొకటి రఘుపతి నోటికొచ్చింది.

"డిసొబ్లైజింగ్, సర్!"

అడిగిన చిన్న సాయమైనా చేయనివాడని దానికి అర్థం. సరైన మాట దొరికినందుకు లోలోపల మురిసిపోయాడు.

"డిసొబేయింగ్?" మేజరు కనుబొమలు ముడిపడ్డాయి.

అది హుకుం ధిక్కరించేవాడనే మాట. రఘుపతికి తేడా తెలుసు. మేజరు ఇంగ్లీషును దిద్దడానికి నోరు రాలేదు.

"యెస్ సర్."

గుర్వయ్యను లారీ ఎక్కించారు. నీళ్ల సంగతే మరిచి బయల్దేరారు.

"బిడ్డా, నేనొచ్చెదాంక ఎవ్వర్ని బాయి దిక్కు పోనియ్యకు!" అని లారీలోంచి రఘుపతిని చూసి అరిచాడు గుర్వయ్య.

"పోయేటప్పుడు గూడ గదే బుద్ధి!" జనం నవ్వారు. రఘుపతీ నవ్వాడు.

మర్నాడు సాయంత్రం కబురొచ్చింది. పారిపోబోతే గుర్వయ్యను కాల్చేశారట.

దీపం పెట్టే వేళకు ఐలేశం కుంటుకుంటూ గడపలోకి వచ్చాడు. ఒంటిమీద గుర్వయ్య గొంగడి.

"అన్నా, గుర్వయ్య మామ యాడికి పోయిండు? నిన్నటి సంది తిననీకి గటక తేలే."

"నువ్వు యాడున్నవురా ఇన్నాళ్లు?"

"ఆయన బాయిలనే, మెట్ల పక్క అరల. కాలుకు గుండు తాకింది. పుండు మానెదాంక పురుగును గూడ బాయికాడికి రానియ్యనన్నడు. వదినె ఖాళీ బిందెతోని మర్లిపోయిననాడు, పాపం, మామ బువ్వ ముట్టలే."

రఘుపతి తమ్ముణ్ని లోపలికి జరిపి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.