ఎదురు పట్టే మనిషి

"ఒక్క చుక్క కారినా నేను తీసుకోను, ముందే చెబుతున్నా" అన్నాడు పళ్ళ డాక్టరు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుంటూ.

"కారదండీ" అన్నాడు బస్సు మెకానిక్. ఆయన మాట్లాడితే అంతే. ఎక్కువ వాడితే మాటలు అయిపోతాయన్నట్టు ఉంటాడు.

పెరట్లో రెండు ఇనప స్టాండ్ల మీద పాత అల్యూమినియం పడవ కూర్చుని ఉంది. చేపలు పట్టుకునే చిన్న పడవ. ముగ్గురెక్కితే నాలుగోవాడు ఈదుకుంటూ రావాల్సిందే. పడవ కారుతుందో లేదో తెలియాలంటే దాన్ని నీళ్ళలో దింపక్కర్లేదు, నీళ్ళనే దాంట్లో నింపాలి. నింపి, కిందికి దూరి, రేకుల్ని బిగించే రివెట్లలో చెమ్మ తేలినదాని చుట్టూ సుద్దముక్కతో సున్నా చుట్టాలి. పోయిన వారం అంచు దాకా నింపారు. ఒక్క సున్నా కూడా పడలేదు. పడవ బాగుచేసే పని మొదలుపెట్టిన రోజే డాక్టరుకి మాటిచ్చేశాడు మెకానిక్, పూర్తవగానే పడవ మీకేనని. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం ఆయన ఒంట్లో లేదు.

"ఇదిగో, కుళాయి తిప్పు" అన్నాడు.

మెకానిక్ భార్య కుళాయి తిప్పింది. పైపు ఒక్కసారి ఎగిరిపడి, పడవలోకి నీళ్ళు వదిలింది.

"మా ఆవిడకి నీళ్ళంటే భయమమ్మా" అన్నాడు డాక్టరు ఆమెతో. "చెప్పు తడిసిందంటే మళ్ళీ జన్మలో పడవెక్కదు. నన్నూ ఎక్కనివ్వదు."

"అవునండీ" అంది ఆమె. ఆమె కళ్ళు మాత్రం పడవ మీదే ఉన్నాయి.

ఒక రివెట్టు వెయ్యాలంటే ఇద్దరు కావాలి. బయటినుంచి ఒకరు సుత్తితో కొడుతుంటే, లోపల ఇంకొకరు ఇనప దిమ్మ ఎదురు పెట్టి పట్టుకోవాలి. ఏడాదిగా ప్రతి ఆదివారం ఆమె లోపల, ఆయన బయట. మధ్యలో పలచటి రేకు. ఇంట్లో ఊ, ఊహూ తప్ప అనని మనిషి ఆ రేకు అవతల మాత్రం మాట్లాడేవాడు. మొహం కనపడకపోవడం వల్లనేమో. చిన్నప్పుడు ఈల వెయ్యడం నేర్చుకోవడానికి ఒక వేసవంతా పట్టిందని చెప్పాడు. ఒకరోజు, "మా అమ్మ గొంతు మర్చిపోతున్నానే" అన్నాడు. ఆమె దిమ్మ పట్టుకుని అలాగే కూర్చుంది. కాసేపటికి, "కాస్త గట్టిగా పట్టుకో" అని మళ్ళీ కొట్టాడు.

పడవ వెళ్ళిపోతే ఆ గొంతు కూడా దాంతోపాటే పోతుంది. నీ మాటలు వినాలని ఉంది, అని మొగుడితో ఏ నోటితో చెప్పడం?

నీళ్ళు జానెడు లోతుకి వచ్చాయి. డాక్టరు చేతిలోని చిన్న టార్చి వెలిగించి పడవ కిందికి దూరాడు. పుచ్చుపళ్ళు వెతికినట్టు ఒక్కో రివెట్టూ చూస్తూ పోతున్నాడు.

పొద్దున మొగుడు కొత్త పైపు కోసం బజారుకి వెళ్ళినప్పుడు ఆమె సుత్తి తీసుకుంది. లోపల ఎదురు పట్టేవాళ్ళు లేకుండా కొడితే రివెట్టు బిగియదు, వదులవుతుంది. ఎడమవైపు అడుగున ఒకదానికి నాలుగు దెబ్బలు వేసింది. నాలుగో దెబ్బకి ఆమెకే ఏడుపొచ్చింది.

"అదిగో!" అని అరిచాడు డాక్టరు కింద నుంచి. "చుక్క!"

మెకానిక్ వంగి చూశాడు. "ఒక్కటే కదండీ."

"పంటికి కూడా మొదట ఒక్క చిల్లేనయ్యా. తర్వాత మా దగ్గరికి పరిగెత్తుకొస్తారు." డాక్టరు బయటికి వచ్చి మోకాళ్ళు దులుపుకున్నాడు. "ఏమీ అనుకోకు. నేను కొత్తది చూసుకుంటాలే. ఇంత పాతదాన్ని పట్టుకుని ఏడాది పాటు కుస్తీ పట్టావు, ఓపికున్నవాడివి."

గేటు చప్పుడైంది. స్కూటరు వెళ్ళిపోయింది.

మెకానిక్ తల వంచుకుని పడవ పక్కనే నిలబడ్డాడు. కొత్తగా నల్లబడిన బొటనవేలి గోరుని రెండో చేత్తో రుద్దుకుంటున్నాడు. ఏడాది కష్టం ఒక్క చుక్కతో పోయిందని బాధపడుతున్నాడనుకుంది ఆమె.

"ఏమండీ, మీకొక మాట చెప్పాలి."

"తర్వాత చెబుదువుగాని."

"కాదండీ, అది..."

"తర్వాతన్నానా."

ఆమె పడవలోకి తొంగిచూసింది. నీళ్ళు నిండుతూనే ఉన్నాయి. "పోనీ, కుళాయి కట్టెయ్యనా? ఎలాగూ ఆయన వెళ్ళిపోయాడు."

"ఉండు. ఇంకా నిండనీ."

జేబులోంచి సుద్దముక్క తీశాడు. ఎడమవైపు వంగి, ఆమె వదులు చేసిన రివెట్టు చుట్టూ సున్నా చుట్టాడు. దాన్నే చూస్తూ ఒక్క క్షణం ఆగాడు. లేచి చుట్టూ తిరిగి అవతలి పక్కకి వెళ్ళాడు. వెనక కూర్చునే బల్ల పక్కన, నీళ్ళింకా అందనంత ఎత్తులో ఉన్న ఒక రివెట్టు చుట్టూ, వెతుక్కోకుండా, తిన్నగా ఇంకో సున్నా గీశాడు.

ఆమె దగ్గరికొచ్చి వేలితో తడిమి చూసింది. పొడిగా ఉంది.

"ఇక్కడ ఏం కారట్లేదు కదండీ?"

ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని, పక్కకి చూస్తూ నిలబడ్డాడు. లోపల నీళ్ళు ఒక్కో వేలు లెక్కన పైకెక్కుతున్నాయి.

సున్నా గీసిన పావుగంటకి, దాని మధ్యలోంచి మొదటి చుక్క కారింది.