ఓడ తాళ్లు

మొగుడి చొక్కా జేబులో దొరికిన వెంట్రుకను నేత్రావతి కిటికీ వెలుతురుకు పట్టి చూసింది. బారెడు పొడుగు, కాటుక నలుపు. తన తల సంగతి తనకు తెలీదా? ఇది తన జుట్టు కానే కాదు. ఈ వారంలో ఇది మూడోది.

చిదానందకు రెండు టిప్పర్లున్నాయి. అవి గనులకు పోగానే ఆయన షెడ్డు వెనక గదిలో దూరి గడియ పెట్టుకుంటాడు. అడిగితే యుద్ధనౌక బొమ్మ కడుతున్నానంటాడు. బెంగళూరు నుంచి పెట్టెలో ముక్కలొచ్చాయట, అతికించాలట. సముద్రం మొహం చూడని చోరనూరులో, యాభై ఏళ్ల మనిషికి ఓడ బొమ్మా? చెవిలో పూలు పెట్టడం కాకపోతే! పక్కింటి రామక్కకు చెబితే, గడియ పెట్టుకొని చేసేది ఏం మంచి పనమ్మా అని అగ్గికి ఆజ్యం పోసింది.

నేత్రావతి పొయ్యి ఆర్పేసి షెడ్డుకు నడిచింది. ఇరవై రెండేళ్ల కాపురం ఈ తలుపవతల తేలిపోతుందనుకుంది. తలుపు దబదబా బాదింది. ఆయన గడియ తీశాడు.

లోపల ఏ ఆడమనిషీ లేదు. బల్ల మీద మూరెడు ఓడ ఉంది. అడుగుభాగానికి గని ఎర్రమట్టి కలిపిన రంగు పూశాడు. కిట్టులో వచ్చిన ఫిరంగి గొట్టాలు పీకేసి ఇంజక్షన్ సూదులు అతికించాడు. ఓడ మీద నిలబెట్టిన కొయ్య నుంచి కొయ్యకు సన్నటి నల్ల తాళ్లు లాగి కట్టాడు. వంగి చూస్తే అవి వెంట్రుకలు.

"ఎవురివప్పా ఇవి?" ఆమె ఆ తాళ్లకేసి వేలు చూపించింది.

చిదానంద తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు. పెట్టెలో ఇచ్చిన దారం మోకులా లావుగా ఉందనీ, ఓడ అందమే చెడిందనీ గొణిగాడు.

"ఎవురివో చెప్పు."

"నీవేమే. దువ్వెనలో, నీ చీర మీద దొరికినవి ఏరి జేబులో ఏసుకొస్తాండా. ఊరికే నగుతావని చెప్పల్యా. ఈ వయసులో ఇంత పొడుగు జడ, ఒక్క తెల్ల ఎంట్రుక లేకుండా, ఇంకెవురికుండాది?"

ఆ మాట అంటుంటే ఆయన మొహం గర్వంతో వెలిగింది. నేత్రావతి చెయ్యి దానంతటదే జడ మీదికి పోయింది. పరాయి ఆడదాని వెంట్రుకలే అవి; కాకపోతే ఇంట్లోకి తెచ్చింది తనే, పోయిన దసరాకు, బళ్లారి బజారులో సవరం కొని.