పంపు సెట్టింగ్

దొంగ టేకు దుంగలు మోయడానికి ఒప్పుకున్న మర్నాడే యోహాను తన డీజిల్ పికప్‌ను మహబూబాబాద్‌లో పంపు మెకానిక్ సుభాష్ దగ్గరికి తోలుకొచ్చాడు.

"ఇంజన్‌కు జర ఊపు పెంచాలె అన్నా."

సుభాష్ బానెట్ ఎత్తి డీజిల్ పంపు మీద వేలు పెట్టాడు. "రెండు సెట్టింగులున్నయి. మైలేజీది పెడితే తక్కువ తాగుతది, మెల్లగ పోతది. స్పీడుది పెడితే లోడుతోని గూడ ఉరుకుతది. గని ఎనక నల్లటి పొగ, ట్యాంకు జల్ది ఖాళీ. ఏది పెట్టాలె?"

"పొద్దుగాల ఎనిమిదింటికి భూపాలపల్లిల లోడేసుకొని ఎల్లితే, జనగామ ఎన్నింటికి చేరుత?"

"స్పీడుల పదకొండుకు. మైలేజీల పన్నెండున్నర."

"స్పీడే పెట్టు."

"రోడ్లన్ని ఖాళీగనే ఉన్నయి గదనే! గంత తొందరేంది?"

"ఎవలన్న ఎంటవడితే?" అనేసి నాలుక కరుచుకున్నాడు యోహాను. "అంటే... కుక్కలు గిట్ల."

సుభాష్ అతని వంక అదోలా చూసి, స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

సకల జనుల సమ్మె మొదలై పది రోజులైంది. బస్సులు డిపోల్లో ఉన్నాయి. బడులకు తాళాలు. పోలీసులంతా చౌరస్తాల్లో ఉన్నారు. అడవిలో దాచిన ఏడు దుంగల్ని జనగామ సామిల్లుకు చేర్చడానికి ఇంతకంటే మంచి సమయం మళ్లీ దొరకదు.

యోహానుకు ఉన్న భయం ఒక్కటే, భూపాలపల్లి ఫారెస్టు జీపు. కొత్తగా వచ్చిన ఆఫీసరు మూడు నెలల్లో రెండు పికప్‌లు పట్టాడట. ఆ మనిషిని యోహాను ఎన్నడూ చూడలేదు. పట్టిన బళ్లను మాత్రం చూశాడు. ఆఫీసు వెనక తుప్పు పట్టి, సీట్లలోంచి గడ్డి మొలిచి ఉన్నాయి. పదేళ్లు ఒకరి లారీలు తోలి కొనుక్కున్న బండి ఇది. ఇది పోతే మళ్లీ ఒకరి స్టీరింగే దిక్కు.

అందుకే స్పీడు ఒక్కటే నమ్ముకోలేదు, బుర్ర కూడా వాడాడు. దుంగలకు బురద పూసి, పైన తుమ్మ కట్టెలు పేర్చి, ముందు ఒక గుడ్డ కట్టాడు. దాని మీద "వంటావార్పుకు కట్టెలు" అని పెద్దక్షరాలతో రాయించాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే కూర్చుని తినే ఆ నిరసన రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంది. ఉద్యమం కట్టెల్ని ఎవడు ఆపుతాడు? తన తెలివికి తనే మురిసిపోయాడు.

అనుకున్నట్టే బండి ఉరికింది. అద్దంలోకి చూసినప్పుడల్లా పొగే. వెనక జీపు వస్తున్నా కనిపించనంత పొగ. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర పోలీసులు గుడ్డ మీది రాత చదివి, బారికేడు వాళ్లే పక్కకు జరిపారు.

సరిగ్గా పదకొండుకు జనగామ పొలిమేరలో మాత్రం బండి ఆగిపోయింది. రోడ్డుకడ్డంగా మూడు పొయ్యిలు, వాటిమీద మూడు పెద్ద గంజులు, చుట్టూ ఐదారు వందల మంది జనం. రాత్రి వానకు వాళ్ల కట్టెలు తడిసి ఒకటే పొగ. కళ్లు తుడుచుకుంటున్నవాళ్లు గుడ్డ మీది రాత చూశారు.

"కట్టెలొచ్చినయిరో! జై తెలంగాణ!"

కాదనడానికి వీల్లేదు. రాసుకొచ్చింది తనే.

తుమ్మ అరగంటలో అయిపోయింది. లుంగీ పైకి కట్టి, మెడలో తువ్వాలుతో మంట చూస్తున్న పెద్దమనిషి బండి దగ్గరికి వచ్చాడు. అందరూ ఆయన్ని ఉపేందర్ సారూ అంటున్నారు. సమ్మెలో ఉన్న బడిపంతులు కాబోలు అనుకున్నాడు యోహాను.

"అడుగున మంచి కట్టె ఉన్నది, దించుండ్రి," అన్నాడు సారు. "యాడికెల్లి తెచ్చినవ్ తమ్మీ?"

"గార్లకెల్లి సారూ. తుమ్మ."

సారు ఒక దుంగను గోరుతో గీరి వాసన చూశాడు. "గార్ల తుమ్మకు గింత మంచి వాసనుంటదా!" అని నవ్వి, దాన్ని తనే ఎత్తి పొయ్యిలోకి తోశాడు.

ఏడు దుంగలూ ఒకదాని వెనక ఒకటి పొయ్యిల్లోకి జరిగాయి. యేసయ్యా, కళ్ల ముందే కాలిపోతున్నాయి. ఇవి టేకు అంటే బండి పోతుంది. అనకపోతే సరుకు పోతుంది.

పన్నెండున్నరకు గంజులు దించి నీళ్లు చల్లారు. పొయ్యిలు చుయ్యిమన్నాయి. మైలేజీ సెట్టింగ్ పెట్టించుకుని ఉంటే తను సరిగ్గా ఇప్పుడు వచ్చేవాడు. ఇప్పుడు ఈ రోడ్డు మీద కట్టెతో ఎవరికీ పని లేదు.

బలవంతం చేసి కూర్చోబెట్టి, అతనికీ విస్తరి వేశారు. పోనీలే, బండి దక్కింది. అందరూ పంతుళ్లే కావడం తన అదృష్టం. అలా గుండె దిటవు చేసుకుని ముద్ద ఎత్తాడు.

ఉపేందర్ సారు పప్పు గిన్నెతో వచ్చి పక్కన వంగాడు.

"పొగ జూస్తె పంపు బాగనే తిప్పించినవ్ తమ్మీ," అన్నాడు మెల్లగా, గంటెడు పప్పు వేస్తూ. "గని మా ఫారెస్టు జీపు పది దినాల సంది భూపాలపల్లి షెడ్డుల్నే ఉండె, నేను గీడ గంటె తిప్పవడితి. నువ్వు ఎవలకు భయపడి గంతగనం ఉరికొచ్చినవ్?"